ఆ బట్టలు తొడుక్కున్న పిల్లాడు

మా అత్తగారు రాజేశ్వరమ్మ గారు నాతో నేరుగా మాట్లాడరు. పెళ్లై ఐదేళ్లు దాటినా అంతే. మండపేటలో అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోవడం కూడా తప్పనుకునే ఇంటి నుంచి వచ్చిన మనిషి. లెస్టర్‌కు అవతల ఉన్న ఈ చిన్న ఇంగ్లండు ఊళ్లో, నలుగురు నిలబడితే ఐదోవాడు వంటింట్లోకి తప్పుకోవాల్సినంత హాల్లో కూడా ఆవిడ ఆ మర్యాద వదల్లేదు. నేను రెండడుగుల దూరంలో సోఫా మీదే ఉంటాను. "కాఫీ తాగుతారేమో అడగవే" అంటారు కూతురితో. మనస్విని ఫోన్లోంచి తలెత్తకుండా "చక్రీ, కాఫీ?" అంటుంది. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచినందుకు కూతురి తరఫున ఆవిడ చెంపలు వేసుకుంటారు. తర్వాత కాఫీ వస్తుంది. ఈ దేశపు పార్లమెంటులో సభ్యులు ఒకరితో ఒకరు స్పీకర్ ద్వారానే మాట్లాడాలట. మా ఇంట్లో స్పీకర్ మా ఆవిడ.

అత్తగారికి ఇంగ్లీషు రాదు. రాకపోయినా లోటేమీ కనిపించదు. పక్కింటి ముసలావిడా ఈవిడా పెరటి కంచె దగ్గర నిలబడి, ఈవిడ తెలుగులో, ఆవిడ ఇంగ్లీషులో, అరగంట మాట్లాడుకుంటారు. ఆవిడ టమాటాలు ఇస్తుంది, ఈవిడ పచ్చడి చేసి ఇస్తారు. ఆ పచ్చడి తిన్నాక ఆవిడ ఏమైందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

అత్తగారు మా ఇంటికి రావడం ఇది రెండోసారి. రెండుసార్లూ పురుడు పోయడానికే. మొదటిసారి టిక్కెట్టు చేతికొచ్చాక, ఎనిమిదో నెలలో, కడుపులో పాప గుండె ఆగిపోయింది. అయినా వచ్చారు. ఒళ్లో బిడ్డ లేని బాలింతకు కారప్పొడి అన్నం పెట్టి, నడుముకు గుడ్డ కట్టి, పోపు వేసినప్పుడల్లా మోగే స్మోక్ అలారం కింద తువ్వాలు ఊపుతూ, వీసా గడువంతా ఉండి వెళ్లారు. అన్నాళ్లలో ఆవిడ ఏడవగా నేను చూడలేదు. ఏడవడానికి చోటు ఆ ఇంట్లో ఎక్కడ దొరికిందో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు చెప్పేది 2018 వేసవి మాట. వారాల తరబడి వాన లేక పార్కుల్లో గడ్డంతా ఎండిపోయింది. ఊళ్లో ఏ దుకాణంలోనూ ఫ్యాను దొరకడం లేదు. ఈసారి నెలలు పూర్తిగా నిండేదాకా ఆగం, సోమవారం వచ్చి చేరండి, నొప్పులు మేమే తెప్పిస్తాం అన్నారు ఆసుపత్రివాళ్లు. ఆదివారం నాటికి బ్యాగులో మనస్విని నైటీలున్నాయి, నేపీల ప్యాకెట్టుంది. బిడ్డకు మాత్రం ఒక్క గుడ్డముక్క లేదు. కొనొద్దని తనే పట్టుబట్టింది. పోయినసారి అన్నీ ముందే కొని, ఉతికి, ఇస్త్రీ చేసి సొరుగులో సర్దుకుంది మరి. "పుట్టాక కొందాం చక్రీ. షాపులెక్కడికీ పోవుగా" అంటుంది. ఆ మాట అనేటప్పుడు నా మొహం చూడదు.

ఆ మధ్యాహ్నం తను మేడమీద పడుకుంది. నేను వంటింట్లో నీళ్లు తాగుతున్నాను. వెనకనుంచి "బాబూ" అని వినబడింది. ఇంకెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాను.

"మీతో ఒక్క మాటండి. అమ్మాయికి చెప్పకండి" అన్నారు అత్తగారు, గుమ్మం పట్టుకుని. "పుట్టిన బిడ్డకి మొదట పాతబట్టే తొడగాలండి. లక్షణంగా పెరుగుతున్న బిడ్డ తొడిగి విడిచింది. మా వీధిలో అయితే ఏ గుమ్మంలో నిలబడి అడిగినా ఇచ్చేవోరు. ఇక్కడ నేనెవర్ని అడగను? పోయినసారి అది అన్నీ కొత్తవే కొంటంటే, ఫోన్లో నోటిదాకా వచ్చిందండి. పోనీలే, దాని ముచ్చట అది తీర్చుకుంటందని ఊరుకున్నాను. ఊరుకున్నానండి."

ఆ చివరి మాట ఆవిడ రెండోసారి అన్నారు. రెండేళ్లుగా ఈ మనిషి ఏం మోస్తున్నారో నాకు అప్పుడు అర్థమైంది. దానికీ దీనికీ సంబంధం లేదని చెప్పబోయాను. ఏ ధైర్యంతో చెప్పను? డాక్టర్లే కారణం తెలియదన్నారు. తెలియనిచోట ఎవరి కారణం వాళ్లు పెట్టుకుంటారు. అనుమానం పెనుభూతం అన్నారు. మా ఇంట్లో ముగ్గురికి మూడు భూతాలు.

"ఆ రోడ్డుపక్క పొలంలో ఆదివారాలు తీర్థం జరుగుద్ది కదండీ. ఇంట్లో పాతవన్నీ కార్లో తెచ్చి అమ్ముకుంటారని మీరే చెప్పారు" అన్నారు.

అది తీర్థం కాదు, కార్ బూట్ సేల్. నాకు అక్కడికి వెళ్లాలని లేదు. పోయినసారి సొరుగులోని బట్టలన్నీ, మనస్విని ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, సంచిలో వేసి, పాతవి తీసుకుని అమ్మే చారిటీ షాపులో ఇచ్చేశాను. అప్పట్నుంచి ఈ ఊళ్లో పసిపిల్లల పాతబట్టలు కనబడితే తల తిప్పుకుంటాను. వాటిల్లో ఒక పసుపుపచ్చ గౌను ఉంది. అది ఏ బల్లమీదో ఎదురవుతుందని నా భయం. ఆ సంగతి అత్తగారికి చెప్పలేను, నోరు తెరిచి అడిగిన మనిషిని కాదనలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫ్యాను దొరుకుతుందేమో చూసొస్తామని మనస్వినికి మెసేజి పెట్టి బయల్దేరాను. అత్తగారు ఎప్పటిలాగే వెనక సీట్లో కూర్చున్నారు.

పొలంలో కార్లు వరసగా నిలబెట్టి, డిక్కీలు తెరిచి, ముందు మడతబల్లలు వేసుకున్నారు. పింగాణీ కప్పులు, పాత సీడీలు, గడ్డి కోసే మిషన్లు. ఎండకు ఎర్రబడ్డ భుజాలతో జనం నింపాదిగా తిరుగుతున్నారు. వాళ్లకు అది సెలవు మధ్యాహ్నం. మా అత్తగారు చీరకొంగు తలమీద కప్పుకుని, దేనివైపూ చూడకుండా, చిన్న గుడ్డల కోసమే వెతుకుతూ నడిచారు. నేను ఆవిడ వెనకాల, పసుపుపచ్చ రంగు కనబడకూడదని కోరుకుంటూ నడిచాను.

ఒక బల్ల దగ్గర ఆగారు. అమ్మేది పెద్దావిడ. చేత్తో అల్లిన ఊలు చొక్కాలు పెట్టింది. అత్తగారు ఒకటి తీసి చెంపకు ఆనించుకుని "ఇది తొడుక్కున్న బిడ్డ ఏడండీ? అడగండి" అన్నారు. అడిగాను. తన కొడుకట. ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఫైర్‌మ్యాన్‌గా ఉన్నాడట, వాడికే ముగ్గురు పిల్లలట. ఇంతకన్నా లక్షణం ఇంకేం కావాలి? అత్తగారు చొక్కా మడిచి మళ్లీ బల్లమీద పెట్టేశారు.

"ఆవిడ అబద్ధమెందుకు చెబుతుంది అత్తయ్యగారూ?"

"అబద్ధమని కాదండి. చెవిన పడ్డది వేరు, కంటితో చూసింది వేరు. బిడ్డని చూడాలండి."

తర్వాతి బల్లవాడు, ఎవరో పోతే ఇల్లు ఖాళీ చేయించి తెచ్చిన సామాను అమ్ముతున్నాడు. ఆ మాట నేను తెలుగులో చెప్పలేదు. ఇవి బాగోలేవని చెప్పి ఆవిడను అక్కణ్ణుంచి తప్పించాను.

ఆ వరస చివర మంచి బట్టలు కనబడ్డాయి. తెల్ల బనీన్లు, నీలం గళ్ల చొక్కా, ఉతికి ఉతికి మెత్తబడినవి. అమ్మేవాడు నా ఈడువాడే, చేతులనిండా పచ్చబొట్లు. ఇవి ఎవరివని అడిగితే మా అబ్బాయివేనన్నాడు. అబ్బాయి ఎక్కడున్నాడని అడిగాను. "ఎందుకు?" అన్నాడు. "ఒకసారి చూడొచ్చా?" అన్నాను.

ఆ మాట నోరు దాటాక గాని అది ఎలా వినబడుతుందో నాకు తట్టలేదు. ముక్కూ మొహం తెలియనివాడెవడో వచ్చి నీ పిల్లాణ్ణి చూపించమంటే నేనైనా ఊరుకుంటానా? అతను బల్ల చుట్టూ తిరిగి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పక్క బల్లవాళ్లు మాటలు ఆపేశారు. పసుపు జాకెట్టు వేసుకున్న కావలివాడొకడు రేడియో పట్టుకుని మా వైపు నడిచాడు. నాకు భయం వేసింది. పోలీసులు, వీసా, రేపటి ఆసుపత్రి అన్నీ ఒక్కసారే బుర్రలోకి వచ్చాయి. అత్తగారు మాత్రం చేతిలో బట్టలు వదల్లేదు. "ఏమంటన్నాడండీ? బిడ్డకి బాగోలేదా?" అని నన్ను ఇంకా కంగారు పెడుతున్నారు.

ఇంక దాచి లాభం లేదనిపించింది. చెప్పేశాను. మా మొదటి పాప పుట్టకముందే పోయింది, రేపు రెండో కాన్పు, ఈ పెద్దావిడ చక్కగా పెరుగుతున్న బిడ్డ విడిచిన బట్టలు వెతుకుతోంది, ఆ బిడ్డను కళ్లతో చూస్తే గాని తీసుకోదు, ఇంతే సంగతి. మా పాప పోయింది అనే మాట అప్పటిదాకా నేను ఏ భాషలోనూ పైకి అనలేదు. తీరా అనాల్సివచ్చింది ఎవరి ముందు? ఎండలో, పాత సీడీల మధ్య, నన్ను దొంగలా చూస్తున్న ఇద్దరి ముందు.

అతను బల్ల వెనక్కి తిరిగి వెళ్లాడు. కావలివాడు రేడియో నడుముకు తగిలించుకుని వెనక్కి తిరిగాడు. "వాళ్లమ్మతో ఐస్‌క్రీమ్ వ్యాను దగ్గరికి వెళ్లాడు. ఉండండి, వచ్చేస్తారు" అన్నాడు పచ్చబొట్లవాడు.

ఉన్నాం. వ్యాను దగ్గర పెద్ద క్యూ. పిల్లలే పిల్లలు. అత్తగారు మునికాళ్లమీద లేచి, ఒక్కొక్కణ్ణే చూపిస్తూ "వాడాండీ? ఆ ఎర్రచొక్కావాడాండీ?" అని అడుగుతున్నారు. అప్పుడు నా ఫోను మోగింది.

"చక్రీ, ఎక్కడున్నావు? భోంచేసిన దగ్గర్నుంచి లోపల కదలట్లేదు. చల్లటి నీళ్లు తాగాను. ఎడంపక్కకి తిరిగి పడుకున్నాను. లేదు చక్రీ. వార్డుకి ఫోన్ చేస్తే వెంటనే వచ్చెయ్యమన్నారు."

పోయినసారి కూడా ఫోను ఇలాగే వచ్చింది. చల్లటి నీళ్లు, ఎడంపక్క, అన్నీ ఇవే మాటలు.

అత్తగారికి నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. నా మొహం చూసి, చేతిలో బట్టలు బల్లమీద పెట్టబోయారు. అతను వద్దంటూ వాటిని సంచిలో కుక్కి ఆవిడ చేతికిచ్చి, వెళ్లండి వెళ్లండి అన్నాడు. పరుగెత్తాం. ఆవిడ కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని ఎండుగడ్డి మీద నాతో సమానంగా వచ్చారు. కారు తలుపు దగ్గర ఆగి ఒక్కసారి వెనక్కి చూశారు. ఆ క్యూ అలాగే ఉంది. అందులో ఆ పిల్లాడెవరో మాకు తెలియనే లేదు.

మనస్విని ఇంటి ముందు మెట్టుమీద కూర్చుని ఉంది. వెనక సీట్లో తల్లి పక్కన ఎక్కింది. కారు ఊరు దాటుతుండగా ఆ సంచి తన కంటపడింది.

"ఏంటమ్మా ఇవి? ఎవరివీ పాతబట్టలు?" అంది. "ఫ్యానని చెప్పి దీనికా వెళ్లారు? మళ్లీ ఆ పాత చాదస్తాలా? ఇక్కడ నాకు ప్రాణం పోతుంటే ఇద్దరూ కలిసి గుడ్డలు ఏరుకుంటున్నారా?"

ఆ మాటలు నాకు తగిలాయి. ఆవిడకు ఇంకా లోతుగా తగిలి ఉంటాయి. అద్దంలో చూస్తే ఆవిడ సంచిని చీరకొంగు కింద దాచుకుంటున్నారు. రోడ్డు పనుల దగ్గర ఎర్రలైటు పడింది. ఎదురుగా ఒక్క బండి రాకపోయినా ఆ లైటు మారదు. నేను స్టీరింగు మీద గుద్దాను. మనస్విని రెండు చేతులతో పొట్ట పట్టుకుని "కదులమ్మా, కదులు" అంటోంది. నాకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటే తను చూస్తుందని తుడుచుకోలేదు.

వార్డులో చిన్న గది ఇచ్చారు. కాన్పులు చూసే మిడ్‌వైఫ్ కుర్రపిల్ల. పొట్టమీద జెల్ రాసి, మిషను తాలూకు చిన్న గుండ్రటి బిళ్ల ఆనించి బిడ్డ గుండె చప్పుడు వెతకడం మొదలుపెట్టింది. కుడివైపు వెతికింది. గరగర తప్ప ఏమీ లేదు. కాస్త పైకి జరిపింది. పోయినసారి కూడా ఈ గరగరే విన్నాం. వెతికి వెతికి అప్పటి అమ్మాయి బయటికి వెళ్లి డాక్టరును తీసుకొచ్చింది. ఇప్పుడు ఈ అమ్మాయి తలుపు వైపు చూస్తుందేమోనని నేను ఆమె కళ్లే చూస్తున్నాను.

మనస్విని పైకప్పు చూస్తూ పడుకుంది. "అమ్మా" అంది ఉన్నట్టుండి. "ఆ బట్టలు ఎవరివి?"

"ఒక బాబువే."

"వాడు బాగున్నాడా? నువ్వు చూశావా వాణ్ణి?"

అత్తగారు నా వైపు చూశారు. ఎప్పుడూ నేల చూసే మనిషి, అల్లుడి కళ్లలోకి సూటిగా చూశారు. తర్వాత కూతురి వైపు వంగారు.

"చూశానే. కళ్లారా చూశాను. బొద్దుగా ఉన్నాడు. బంగారు రంగు జుట్టు. మూతినిండా ఐస్‌క్రీమే."

మనస్విని తల నా వైపు తిప్పింది. "నువ్వూ చూశావా?"

"చూశాను. మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడు. ప్లాస్టర్ వేశారు."

"పేరేంటి?"

అత్తగారు తడుముకున్నారు. "జాక్" అన్నాను నేను.

"ఆ, జాకు" అన్నారు ఆవిడ. "వాళ్లమ్మ పిలుస్తానే ఉంది, వాడు వింటే కదా!"

మిడ్‌వైఫ్ బిళ్లను ఎడంవైపు, బాగా కిందకు జరిపి అదిమిపట్టింది. గరగర ఆగింది. ఆ వెనకే, దూరంగా, వడివడిగా, ఎక్కడా తడబడకుండా చప్పుడు మొదలైంది. ఆ అమ్మాయి మిషను గొంతు పెంచింది. గదంతా ఆ చప్పుడే. మనస్విని కళ్లు మూసుకుంది. కణతల మీదుగా కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

అత్తగారి రోజుల్లో ఈ మిషన్లు లేవు. ఆ చప్పుడేమిటో ఆవిడకు తెలియదు. కూతురు ఏడుస్తోంది గనక, తను చెప్పింది చాలలేదేమో అనుకున్నారు.

"ఒక్కచోట నిలబడడే వాడు" అన్నారు గాభరాగా, కొంగుతో కూతురి మొహం తుడుస్తూ. "వాళ్లమ్మ వాడి వెనకాల పరుగెత్తలేక చస్తంది."