తుమ్మముల్లు సాక్ష్యం

నందికొట్కూరులో ఏసేపు బట్టలు కుట్టి బతికేవాడు గానీ, గొప్ప మాత్రం తన చెవుల గురించి చెప్పుకునేవాడు. ఊళ్లో ఎవరు కర్నూలు పోయి గ్రామఫోను ప్లేటు కొన్నా తిన్నగా ఆయన ఇంటికి తెచ్చి, "మంచిదేనా చూడప్పా" అనేవారు. ఏసేపు ముందు ప్లేటును ఎండకు పట్టి, గీతలు అరిగి బూడిదరంగు తేలిందేమో చూసేవాడు. తర్వాత సంతలో కుండను కొట్టి చూసినట్టు అంచు మీద గోటితో కొట్టేవాడు. ఖంగుమంటే సరే, లేదంటే ఎక్కడో పగులు ఉన్నట్టు. అప్పుడు పెట్టెకు కీ ఇచ్చి, కొత్త ముల్లు బిగించి, కళ్లు మూసుకుని వినేవాడు. చివరికి ప్లేటు కాగితపు సంచి మీద బట్టలు గీసే సుద్దతో "బాగు" అనో "చెడు" అనో రాసేవాడు. ఆ రాతకు ఊళ్లో తిరుగులేదు.

అంత చెవి ఉన్న మనిషి పద్నాలుగేళ్లుగా భార్య కృపమణి చెప్పే ఒక్క మాటను చెవిన వేసుకోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. కృపమణి చిన్నప్పుడు మిషను బడి వాళ్లు ఎనిమిది మంది ఆడపిల్లలను మద్రాసు తీసుకుపోయి ఒక కీర్తన ప్లేటు పట్టించారు. అందులో తన గొంతు కూడా ఉందని ఆమె అంటుంది. ఊరు అనేది వేరు. "కొండపై వెలుగున్నది" అని పాడమంటే కృపమణి నోట "వెలుగుండాది" అనే వస్తోందని బడి దొరసాని విసుక్కుని, నువ్వు పాడొద్దు, పెదవులు కదిపితే చాలు అన్నదట. ఈ కథను ఇంటింటికీ మోసింది ఆ రోజు పక్కనే నిలబడి పాడిన జ్ఞానమణి. పెళ్లినాటికే కృపమణికి "పెదవుల కృపమ్మ" అన్న పేరు అంటుకుంది. "మొదట పెదవులే కదిపినా, మూడో చరణానికి తట్టుకోలేక పాడేసినా" అని ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఏసేపు మీసం చాటున నవ్వుకునేవాడు.

యాభై నాలుగు వేసవిలో జ్ఞానమణి భర్తకు కడపకు బదిలీ అయింది. సామాన్లు సర్దుతుంటే పెట్టె అడుగున ఆ ప్లేటు బయటపడింది. మధ్యాహ్నం బస్సుకు పోతూ ఆమె దాన్ని తీసుకుని ఏసేపు ఇంటికి వచ్చింది.

"ఏసేపన్నా, మా ఇంట్లో పెడితే బుస్సుమంటాది గానీ పాట వినపడల్యా. బాగుంటే తీస్కపోతా, లేకుంటే పారేస్తా."

రొట్టెల పిండి చేతులతోనే కృపమణి పరుగెత్తుకొచ్చి గడపలో నిలబడింది. ఏసేపు ప్లేటును ఎండకు పట్టాడు. నిండా బూడిదరంగే. గోటితో కొట్టాడు. ఖంగుమంది. డబ్బాలో మిగిలిన ఒకే ఒక్క ఇనుప ముల్లు బిగించి పెట్టాడు. పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఒకటే చప్పుడు. ఆయన పెదవి విరిచి సుద్ద అందుకుని, సంచి మీద "చె" అని రాశాడు.

"రాయొద్దు. ముల్లు మార్చి చూడు" అంది కృపమణి.

"సరే, ముల్లు తే, బిరీన."

గూట్లో డబ్బా ఖాళీ అయిన సంగతి ఆయన మరిచిపోయాడు. ఆమె డబ్బా తెరిచి, తుప్పు తప్ప ఏమీ లేకపోయేసరికి దొడ్డిలోకి ఉరికి, కంపలోంచి వేలెడంత తెల్లటి తుమ్మముల్లు విరుచుకొచ్చింది.

జ్ఞానమణి పగలబడి నవ్వింది. ఏసేపు కసిరాడు. "ముల్లంటే ఇదా?"

"నువ్వు ముల్లే అంటివి గదా. ఇదీ ముల్లే."

దాన్ని విసిరేయబోతూ ఆయన చెయ్యి ఆగింది. బొటనవేలితో మొన తడిమాడు. ఇనుము కాదు, కట్టె. గట్టిగా ఉంది గానీ గీకదు. ఇనుము అరగదీసిన గీతల అడుక్కి ఇది మెత్తగా దిగుతుందేమో. కత్తెర తీసి ముల్లును ఏటవాలుగా కత్తిరించి, బిగించి, ప్లేటు మీద మెల్లగా దించాడు.

చిటపట అణిగింది. దాని కిందినుంచి సన్నగా ఆడపిల్లల గొంతులు లేచాయి. మొదటి చరణం, "వెలుగున్నది". రెండో చరణం, "వెలుగున్నది". "చూడు మల్ల" అంది జ్ఞానమణి, అయితే ఆ మాటలో బలం లేదు. కృపమణి పిండి చేతుల పిడికిళ్లు బిగించింది. ఏసేపు తన బతుకులో ఏ ప్లేటునూ అంత భయంగా వినలేదు.

మూడో చరణం వచ్చింది. ఏడు గొంతులు "ఉన్నది" అన్నాయి. వాటి మధ్యలోంచి ఒక గొంతు, బెదురు లేకుండా, నిండుగా "వెలుగుండాది" అంది.

ఏసేపు ఎగిరి లేచాడు. "నువ్వే మే, నువ్వే. పాడినావు మే" అని భార్య భుజాలు పట్టుకుని ఊపేశాడు. ఆయన కళ్లలో నీళ్లు, నోట్లో నవ్వు. ఆమె మాత్రం జ్ఞానమణినే చూస్తోంది.

"నాకు ఆ పొద్దే వినపడింది వదినా" అంది జ్ఞానమణి. "దొరసాని నన్ను మెచ్చుకుంటాందని నోరు మూసుకున్నా. తర్వాత ఎట్ల తెరవాల్నో తెలీలా."

రోడ్డు మీద బస్సు హారను మోగింది. ఆమె లేచి వెళ్లిపోయింది, ప్లేటు మాత్రం తీసుకోలేదు.

ఏసేపు సంచి అందుకున్నాడు. "చె" తుడిచేయలేదు. దాని పక్కనే సుద్ద నొక్కి పట్టి "చెవిటివాడి ఇంటి ప్లేటు" అని పూర్తి చేశాడు.

"ఇంగోసారి పెట్టు" అంది కృపమణి.

"ముల్లు అరిగిపాయ."

ఆమె దొడ్డి వైపు కదలబోతే ఆపి, ఈసారి ఆయనే పోయాడు. పొద్దు గూకేలోపు ఆ కంపలో చేతికందే కొమ్మకు ఒక్క ముల్లూ మిగల్లేదు.