పరువు నాన్నది, పని అమ్మది

నా చిన్నప్పుడు, అమెరికాలోని సన్నీవేల్‌లో మా తమ్ముడి స్కూల్లో ఏటా ఒక మీటింగ్ జరిగేది. పుట్టుకతోనే వాడి చేతులు చెప్పినట్టు వినేవి కావు. వచ్చే ఏడాది థెరపీలో వాడికి ఏం నేర్పాలో ఆ మీటింగులో నిర్ణయిస్తారు. నిర్ణయించడం ఒట్టి మాట. అంతా ముందే టైపై ఉండేది. థెరపిస్టు చదివేది, మా నాన్న తలూపేవారు. పెద్ద చదువుల వాళ్ళకు ఎదురు చెప్పకూడదని ఆయన నమ్మకం. ప్రశ్నించడాన్ని అమర్యాదగా భావించే ఆ జబ్బు మాతోపాటే విమానమెక్కి వచ్చింది.

తమ్ముడికి పదేళ్ళు నిండిన ఏడాది వాళ్ళు పెట్టిన లక్ష్యం, దారానికి పూసలు గుచ్చడం. అంతకుముందూ అదే. మా అమ్మ కోరిక వేరు: బాత్రూంకి వెళ్ళాక వాడు తనంతట తాను కడుక్కోవాలి. ఇంటి దగ్గర ఆ మాట అంటే నాన్న కసిరారు.

"అందరి ముందు అదేం మాట? నా పరువు తీయకు."

"పరువు మీది. కడిగే చెయ్యి నాది."

మీటింగ్ చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అంది థెరపిస్టు. "నో నో, వెరీ గుడ్, థాంక్యూ" అంటూ నాన్న లేచారు. అమ్మ లేవలేదు. సంచిలోంచి మా బాత్రూం మగ్గు తీసి బల్ల మీద పెట్టింది. నాన్న ముఖం మాడిపోయింది.

"చెప్పవే," అంది అమ్మ, తనకు ఇంగ్లిష్ రాదని వెంట తెచ్చుకున్న నాతో. "పూసలు రాకపోతే వాడికొచ్చే నష్టం లేదని చెప్పు. నేను పోయాక వీణ్ణి ఎవరు కడుగుతారో అడుగు."

సిగ్గుతో చచ్చిపోతూనే ఇంగ్లిష్‌లో చెప్పాను. అది ఇంటి విషయం, స్కూల్‌ది కాదంది థెరపిస్టు.

"ఏం, స్కూల్లో వాడు బాత్రూంకి వెళ్ళడా?" అంది అమ్మ.

అదీ ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆవిడ కాగితం మీద పూసల మాట కొట్టేసి, అమ్మ మాట రాసుకుంది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని మమ్మల్నే అడిగింది. అసలు అడిగిందెవరు? తమ్ముడు నేర్చుకోవడానికి ఏడాది పైనే పట్టింది. పూసలు మింగేసిన ఏళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు నేను తెలుగు తల్లిదండ్రులకు తోడుగా అలాంటి మీటింగులకు వెళ్తుంటాను. నేటికీ ముందే టైపైన లక్ష్యాలే. ఆఫీసులో చిన్న తప్పుకు నలుగురిని నిలదీసే తండ్రులు అక్కడ మాత్రం తలూపుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. తల్లివైపు తిరిగి, "ఇంట్లో నీకు ఏది కష్టంగా ఉందమ్మా?" అంటాను. ఆమె ముందు భర్త ముఖం చూస్తుంది. ఆమె నోరు విప్పేదాకా ఆ లక్ష్యాల కాగితం మీద నేను ఎవరినీ సంతకం పెట్టనివ్వను.