నాలుకకు సెలవు

వరంగల్ చౌరస్తా దగ్గర గోడల మీద ప్రకటనలు రాసే దుకాణంలో నేను అక్షరాలు దిద్దేవాణ్ని. ఓనరును అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. బీడీల ప్రకటనలు, సారా ప్రకటనలు ముట్టడు. చాయ్‌పత్తా అయినా సరే, ముందు తన ఇంట్లో కాచుకుని తాగాకే రంగు కలిపేవాడు. బజారంతా వారం పొడుగునా తెరిచి ఉంటే, మా దుకాణం మాత్రం శుక్రవారం నుంచి ఆదివారం దాకా బంద్.

ఎందుకని అడిగితే ఒకటే జవాబు. "నాలుగు దినాలు మంది సరుకును పొగిడినం. ఇగ నాలుకకు జర సెలవియ్యాలె."

ఆ మూడు రోజులు ఆయన నోట మెచ్చుకోలు వస్తే ఒట్టు. వదిన పచ్చిపులుసు చేసి ఎట్లున్నదని అడిగితే, "తింటాన గద!" అనేవాడు.

ఓ శుక్రవారం మా పెద్ద గిరాకీ, సబ్బుల సేటు, ఇంటికే వచ్చాడు. తెల్లారితే కొత్త దుకాణం మొదలట, గోడ రాయాలట.

"రాయకుంటే ఇగ నీ గడప తొక్క," అన్నాడు.

"సోమారం పొద్దుగాల్నే వస్త సేటూ. అందాక నీ సబ్బును నువ్వే పొగుడుకో."

సేటు విసురుగా వెళ్లిపోయాడు. అన్నట్టే మళ్లీ రాలేదు.

మరునాడు, ఎలాగూ సెలవే కదా అని, కాజీపేటలో మా అక్క కుట్టు దుకాణానికి బోర్డు రాస్తున్నాను. అన్న సైకిల్ ఆపి, తల వెనక్కి వాల్చి, చాలాసేపు చూశాడు.

"మస్తు రాసినవ్ తమ్మీ," అన్నాడు.

సోమవారమైతే నవ్వి ఊరుకునేవాణ్ని. ఆ రోజు శనివారం.