గోడ దాటని మనిషి

ఆ రోజుల్లో నా ఉద్యోగం ఉపగ్రహ చిత్రాల మీద గీతలు గీయడం. జోర్డాన్ తూర్పున, ఎప్పుడో అగ్నిపర్వతాలు కక్కిన నల్లరాళ్ల ఎడారి ఉంది. చరిత్రకు ముందటి మనుషులు ఆ రాళ్లతోనే వేట ఉచ్చులు కట్టారు. రెండు పొడవాటి గోడలు దూరాన విడివిడిగా మొదలై, దగ్గరవుతూ వచ్చి ఒక ఆవరణలోకి చేరతాయి. జింకల మందను గోడల మధ్యకు తోలితే అవి ఆ ఆవరణలోకి పోయి, అంచునున్న గుంటల్లో పడతాయి. సింగపూర్‌లో కూర్చుని అలాంటివి వెతికి గుర్తుపెట్టడమే మా విశ్వవిద్యాలయ బృందం పని.

నాకొక సంగతి అంతుపట్టేది కాదు. ఆ గోడలు చాలాచోట్ల మోకాలెత్తుకు మించవు. జింకకు అదొక అడ్డా? మా ప్రొఫెసర్‌ని అడిగితే, దూకగలదు గానీ గోడ వెంటే పోతుందని అనుకుంటున్నాం అన్నారు. ఆ "అనుకుంటున్నాం"తో తికమక ఇంకా పెరిగింది.

నేను గుర్తుపెట్టిన వాటిలో ఒకటి ఉచ్చో, గొర్రెల దొడ్డో తేలలేదు. మా బృందంలోనే పరిశోధన చేస్తున్న వరంగల్ అతను అక్కడికి వెళ్లినప్పుడు దాన్ని చూసిరమ్మన్నాను. నేను సింగపూర్‌లో, సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్‌లో ఉండగా ఒక మధ్యాహ్నం ఆ ఎడారి నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, ఇక్కడ ఏం సమజైతలేదు. అంతా రాళ్లే."

అతనున్న చోటు నా ల్యాప్‌టాప్‌లో నీలిచుక్కగా కనిపిస్తోంది. నేను గీసిన రెండు గీతల మధ్యే ఉన్నాడు.

"నీ కుడిపక్క గోడ లేదూ?"

"గోడంటే... రాళ్లు వరసగ ఉన్నయ్. మోకాళ్ల దాక."

"అదే. అది దాటి అవతలికి వెళ్లు. అక్కడ ఇంకో కట్టడం ఉన్నట్టుంది, ముందు అది చూడు."

"సరే అక్కా."

చుక్క గోడ దాటలేదు. గోడ వెంటే ముందుకు కదిలింది. బడి నుంచి వచ్చిన మా పాప నా భుజం మీంచి చూస్తూ, అంకుల్ ఎందుకు దాటలేదని తన సింగపూర్ ఇంగ్లీషులో, "వై అంకుల్ నెవర్ క్రాస్, ఆహ్?" అంది.

"దాటమన్నాను కదయ్యా!" అన్నాను ఫోన్‌లో.

"దాటుదామనే ఉన్న అక్కా. ఏమో, కాళ్లు ఇట్లనే పోతున్నయ్."

అతన్ని వెనకనుంచి తరిమేవాళ్లెవరూ లేరు. గోడలు కలిసే చోటికి పోయి చుక్క ఆగింది.

"అక్కా, గుంట ఉంది! లోపలంత రాళ్లతోని కట్టిన్రు. దిగిన."

"బయటికి రా!" అని అరిచాను. ఎందుకు అరిచానో తెలియదు. పాప ఉలిక్కిపడింది. అతను నవ్వాడు.

"ఎందుకక్కా? ఉచ్చే అని తేలింది గద."

ప్రొఫెసర్ మెచ్చుకున్నారు. నాకు సంతోషం వేసిందో, భయం వేసిందో చెప్పలేను.

అతను సింగపూర్ తిరిగొచ్చాక, జురాంగ్ ఈస్ట్‌లో తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో భోజనం చేస్తూ, గోడ ఎందుకు దాటలేదని మళ్లీ అడిగాను. రాళ్లు కదులుతాయి, కాలు విరుగుతుందని దాటలేదు అన్నాడు. నా మనసు కాస్త కుదుటపడింది. అంతలో అతను చెంచా ఆపి అన్నాడు:

"కానీ అక్కా, ఆ రాళ్లు కదుల్తయో లేదో అప్పుడు నేను చూడనే లేదు."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తర్వాత అతను పళ్లరసం తేవడానికి లేచి వెళ్లాడు.