మా బావ ఆకాశం మ్యాపులు

మొన్న హైదరాబాదు నుంచి చెన్నైకి విమానంలో పోతూ కిటికీలోంచి కిందికి చూస్తే నల్లమల కొండలు, వాటి వారన కంభం చెరువు కనిపించాయి. మా ఊరు కూడా అక్కడే ఎక్కడో ఉండాలని నేను వెతుకుతుండగా, ఎండ మొహాన పడుతోందని పక్కసీటాయన తెర దించమన్నాడు. దించాను. ఊరు కనిపించకపోయినా మా బావ మాట మాత్రం గుర్తుకొచ్చింది. "ఒక సెక్టారోళ్ళు ఇంకో సెక్టారోళ్ళకు అప్పజెప్తాంటారు రా బామ్మర్దీ, విమానాన్ని. మధ్యలో ఒక్క నిమిషం గూడ అది ఎవురిదీ గాకుండా ఉండగూడదు."

బావ అంటే మా అక్క మొగుడు. మార్కాపురానికీ కంభానికీ మధ్య మా ఊళ్ళో ఎరువుల దుకాణం నడుపుతాడు. దుకాణం వెనక గదిలో యూరియా బస్తాల పక్కన ఒక కంప్యూటరు, చెవులకు పెట్టుకునే మైకు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో తమ ఇళ్ళలో కూర్చుని కంప్యూటర్లో ఉత్తుత్తి విమానాలు నడుపుతుంటే, ఈయన ఇక్కడ కూర్చుని వాళ్ళకు దారి చెబుతాడు. ఎత్తు ఎంత ఉండాలి, ఎప్పుడు దిగాలి, తర్వాత ఏ ఫ్రీక్వెన్సీకి మారాలి, అన్నీ అసలు కంట్రోలు రూములో చెప్పినట్టే చెప్పాలి. అందుకని అసలు ఆకాశాన్ని ఎట్లా సెక్టార్లనే ముక్కలు చేశారో, ఏ ముక్కకు ఏ ఫ్రీక్వెన్సీ ఇచ్చారో చూపే పటాల కోసం ఆయన తిరగని వెబ్‌సైటు లేదు. ప్రభుత్వమే బయట పెట్టే పెద్ద పుస్తకం ఒకటుందట. దానికి ఇరవై ఎనిమిది రోజులకొకసారి సవరణలు వచ్చే వీలుంటుందట. ఆ రోజు కోసం బావ పండగ కోసం చూసినట్టు చూసేవాడు. ఎవరైనా రైతు కందిచేనుకు పురుగుమందు అడగడానికొస్తే, "రెండు నిమిషాలాగు పెద్దనాయనా, పైన ఇద్దరున్నారు" అనేవాడు. ఆ పెద్దమనిషి తలెత్తి దుకాణం కప్పు చూసేవాడు.

కొన్నేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున బావ నాకు పెన్‌డ్రైవు ఇచ్చి, అందులోని మ్యాపులు పెద్ద కాగితాల మీద తీయించుకు రమ్మన్నాడు. ఒక పటంలో ఒక అంకె కొట్టేసి, పెన్నుతో వేరే అంకె రాసిన పాత కాగితం కూడా ఇచ్చి దానికీ కాపీ తెమ్మన్నాడు. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు పెట్టుకున్న అన్న నాకు బాగా తెలుసు. నేను పాఠాలు చెప్పే బడి ప్రశ్నపత్రాలన్నీ ఆయన దగ్గరే తీయించేవాణ్ణి. మర్నాడు మార్కాపురంలో పెద్ద నాయకుడి సభ, హెలికాప్టరులో వస్తాడని చుట్టుపక్కలంతా పోలీసుల హడావిడి. ఆ బందోబస్తు కాగితాలు కాపీ చేయించడానికి ఒక కానిస్టేబులు షాపులోకి వచ్చాడు. మిషనులోంచి బయటికొస్తున్న మ్యాపు మీద అతని కన్ను పడింది. మన కొండలు, మన దిక్కు, పైన గీతలు, అంకెలు.

"ఏంది ఇవి? ఎవురివి?" అన్నాడు.

నా నోట్లోంచి మాట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. "నాకు తెలీదు సార్. నేనొచ్చేసరికే వస్తాండాయి" అన్నాను.

జిరాక్స్ అన్న నా వంక ఒక్కసారి చూశాడు. నోరు విప్పలేదు. కానిస్టేబులు కాగితాలు చుట్టి చంకలో పెట్టుకుని, "నడువు స్టేషనుకు. ఎవురిచ్చినారో ఆడ చెప్దువు" అన్నాడు. అన్న షట్టరు సగం దించి, చెప్పులు వేసుకుని అతని వెంట నడిచాడు. నేను రోడ్డు మీద నిలబడిపోయాను.

పరుగున దుకాణానికి పోయేసరికి బావ మైకులో మాట్లాడుతున్నాడు. జరిగింది ఒక్క ఊపిరిలో చెప్పాను. దుకాణం వెనకే ఉన్న ఇంట్లోంచి అక్క వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది. "నువ్వు పోవద్దు. తెలీదని చెప్పినాడు గదా, అయిపాయె" అంది. బావ చెయ్యెత్తి ఆగమన్నాడు. పైనున్న రెండు విమానాలనూ ఇంకెవరికో అప్పగించాడు. నాలుగు నిమిషాలు పట్టిందేమో, నాకు నాలుగు గంటలనిపించింది. తర్వాత మైకు తీసి, "కాగితాలు నావి. ఆయన పోయి కూసోవడమేంది?" అని అక్కను మెల్లగా పక్కకు జరిపి బయటికి వచ్చాడు.

స్టేషనులో అన్న బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. లోపల ఎస్సై ముందు బావ నిలబడి, "ఇవి సర్కారోళ్ళు అందరికీ పెట్టినవే సార్, చూపిస్తా" అని ఫోను తెరిచాడు. పేజీ తెరుచుకోదే! గుండ్రం తిరుగుతూనే ఉంది. ఎట్టకేలకు తెరుచుకుంది. ఎస్సై ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి సరిచూశాడు. అన్నీ కలిశాయి, పెన్నుతో రాసినది తప్ప.

"ఇది యాడిది?"

బావ ఫోనులో ఒక్కో పేజీ వెనక్కి తిప్పసాగాడు. "ఎక్కడో చూసే రాసుకున్నా సార్. ఒక్క నిమిషం" అన్నాడు.

"జిరాక్స్‌కు తెచ్చింది నువ్వేనా?"

"నేనే సార్" అన్నాడు బావ, ఏమాత్రం తడబడకుండా.

నేను లేచాను. "కాదు సార్, నేను తెచ్చినా" అన్నాను గుమ్మంలో నిలబడి.

ఎస్సై నన్ను కిందినుంచి పైకి చూశాడు. "పొద్దున తెలీదన్నది నువ్వేనా? ఏం పని చేస్తావు?"

"టీచర్ని సార్."

ఆయన నా పేరు, బడి పేరు తెల్లకాగితం మీద రాసుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ అంకె చివరికి వేరే పేజీలో, ఒక సవరణ కాగితంలో దొరికింది. కంప్యూటరులో దేశదేశాలవాళ్ళు నడిపే ఉత్తుత్తి విమానాల సంగతి బావ నోట విని, ఎస్సై పైవాళ్ళకు ఫోను చేసి వివరం చెప్పాడు. జవాబు వచ్చేదాకా గంటన్నర కూర్చున్నాం. గోడ మీద గడియారాన్నీ, ఎస్సై ముందున్న నా పేరు రాసిన కాగితాన్నీ మార్చి మార్చి చూశాను. ఫోను మోగింది. అవి ఎవరైనా చూసుకోదగ్గ కాగితాలేనట. ఎస్సై నా వివరాలు రాసిన కాగితం చింపి బుట్టలో వేశాడు. మ్యాపులు చుట్టి బావకిస్తూ, "నిజంగా ఆ దేశదేశాలోళ్ళు నీ మాట వింటారా?" అని అడిగాడు. "వినకపోతే గుద్దుకుంటారు గదా సార్" అన్నాడు బావ. స్టేషను మొత్తం నవ్వింది, నేనూ అన్నా తప్ప.

బయటికొచ్చాక అన్న వెనకే షాపు దాకా నడిచాను. షట్టరు ఎత్తుతుంటే అడిగాను, "నా పేరెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే మీ ఉద్యోగానికి మాటొస్తదేమో అనుకున్నా సార్" అన్నాడు. షట్టరు పూర్తిగా పైకి నెట్టి, "మీరే చెప్తారనుకున్నా గూడ" అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. తర్వాత కూడా ప్రశ్నపత్రాలు ఆయన దగ్గరే తీయించాను, ఆయనా ఎప్పటిలాగే కాపీలు లెక్కపెట్టి పిన్ను కొట్టి ఇచ్చేవాడు. ఆ ఆదివారం సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు. నిరుడు రిటైరయ్యాను. ఇన్నేళ్ళు పాఠం చెప్పిన రోజులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోయాయి గాని, ఆయన నన్ను చూసి ఊరుకున్న ఆ రెండు క్షణాలు మాత్రం ఎన్నేళ్ళయినా చిన్నవి కావడం లేదు.