బాగున్నారా అని అడిగే వరుస

మేష్టారు పోయారని మంగళవారం పొద్దున్నే వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. అప్పటికి నేను ఆఫీసులో సర్వర్ లాగ్ తెరుస్తున్నాను. అది చదవడం నాకు నేర్పింది ఆయనే.

లాగ్ అంటే మరేం లేదు. వెబ్‌సైట్‌కి ఎవరొచ్చారు, ఎన్నింటికి, ఏ పేజీ అడిగారు, దొరికిందా లేదా అని సర్వర్ వరుసలుగా రాసుకునే చిట్టా. ఒక్కో వరుసలో ఏమేం ఉండాలో మనం చెప్పి పెట్టాలి. దాన్నే ఫార్మాట్ అంటాం. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరై, మా రాజమండ్రి ఆఫీసుకు సలహాలివ్వడానికి వచ్చేవారు మేష్టారు. మనవడి వయసు వాళ్లనైనా అండి అనే పిలిచేవారు. ఏ వరుస చూపించినా ఒకటే మాట, “పైకి చదవండి.”

రోజూ ఏడింటికి ఇంటి నుంచి మా సైట్ తెరిచి, అడ్రసు చివర బాగున్నారా అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. అలాంటి పేజీ లేదు కాబట్టి సర్వర్ 404 అని రాసుకునేది. నేను రాగానే లాగ్‌లో ఆ పలకరింపు కనబడేది.

మా సర్వర్ మీదే సైట్ నడిపే కడియం నర్సరీ సంగతి చెప్పాలి. ఒకరోజు వాళ్ల సైట్‌లో మొక్కల జాబితా మొత్తం చెరిగిపోయింది. పాస్‌వర్డ్ అందరికీ ఒకటే. లాగ్‌లో చూస్తే చెరిపిన టైం పది నలభై. ఆ టైంలో నర్సరీ ఆఫీసులో ఉన్నది గుమాస్తా ఆవిడ ఒక్కతే. నేనూ మేష్టారూ కడియం వెళ్లేసరికి ఓనరు గారు ఆవిణ్ణి నిలబెట్టి అడుగుతున్నారు. ఆవిడ చున్నీ కొస మెలిపెడుతోంది. నేను పెద్ద మొనగాణ్ణి కదా, “లాగ్ అబద్ధం చెప్పదండి” అన్నాను.

రేపట్నుంచి రావద్దనబోతున్నారు ఓనరు గారు. మేష్టారు కుర్చీ ముందుకు జరుపుకుని, నన్ను పైకి చదవమన్నారు. చదివాను.

“ఏ ఊరి పది నలభై అండి?”

టైం పక్కన, ప్రపంచ సమయానికి ఎంత తేడాయో చెప్పే అంకె ఒకటి మామూలుగా ఉంటుంది. వరుస పొడుగైపోతోందని ఫార్మాట్‌లోంచి దాన్ని తీసేసింది నేనే. సర్వర్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. అంటే ఇక్కడ సాయంత్రం నాలుగూ పది. ఆవిడ ఆ రోజు రెండింటికే సెలవు పెట్టి వెళ్లిపోయింది. సెలవు చీటీ మీద ఓనరు గారి సంతకమే ఉంది.

ఓనరు గారు, నాలుగింటికి లారీలో మొక్కలెక్కిస్తూ ఫోన్‌లో ఏదో నొక్కింది తనేనని ఒప్పుకున్నారు.

తిరిగొస్తుంటే మేష్టారు నన్ను తిట్టలేదు. “ఆవిడకి మీరు చెప్పి రావాల్సిందండి” అన్నారంతే. ఆటో ఆపించి వెనక్కి వెళ్లాను. తప్పు నాదని చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, “ఇంటికెళ్లి ఏం చెప్పాలా అని నిలబడ్డానండి” అంది. ఆ మాటకు నాకు ఇప్పటికీ సిగ్గే.

ఆ రోజే సర్వర్ గడియారాన్ని మన టైంకి మార్చి, తీసేసిన అంకెను మళ్లీ పెట్టాను.

మంగళవారం ఫోన్ పెట్టేశాక ముందురోజు ఫైలు తెరిచాను. ఆయన వరుస ఉంది. గదిలో ఎవరూ లేరు, పైకి చదివాను. ఏడూ రెండు. ప్లస్ సున్నా ఐదు మూడు సున్నా. బాగున్నారా. 404.

తరువాత మంగళవారం ఫైల్లో అదే మాట కోసం వెతికాను. ఏడు దాటాక వరుసలు చాలానే ఉన్నాయి, ఆ మాట మాత్రం లేదు.