నీలవేణి ఒక్కపొద్దులు

మధ్యాహ్నం లంచ్ బెల్లు కొట్టగానే హైదరాబాద్ నాచారంలోని ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్ ఖాళీ అవుతుంది. నీలవేణి మాత్రం మెషిన్ దగ్గరే ఉంటుంది. మాత్రల స్ట్రిప్పులు వరసగా వస్తుంటాయి. మాత్ర పడని స్ట్రిప్పును ఏరి పక్కన పడేయాలి. మెషిన్ ఆగకూడదు కాబట్టి ఎవరో ఒకరు చూడాలి. వంతులవారీగా చూద్దామని మొదట్లో అందరూ ఒప్పుకున్న మాటే.

నీలవేణికి శనివారం ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ తినదు. అది సూపర్‌వైజర్ విక్రమ్‌కు తెలిసింది.

"అక్కా, నువ్వెట్లాగు తినవు గదా. ఇయ్యాల జర లైన్ సూడరాదు" అన్నాడు.

చూసింది. సోమవారం కూడా అడిగాడు. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. ఒక్కపొద్దు ఉన్నా లేకున్నా అది ఆమె పనైపోయింది. అందరూ తిరిగొచ్చాక తినడానికి పంపేవాడు, కానీ అప్పటికి క్యాంటీన్‌లో గిన్నెలు కడుగుతూ ఉండేవారు. నీలవేణి ఎవరితోనూ ఏమీ అనలేదు. లోపల ఎక్కడో అదే మేలనిపించింది కూడా. అంతకుముందు ఒకసారి క్యాంటీన్‌లో ఎవరో "నీలక్కా, గా అన్నం తింటవా, దాని మీద ఎక్కి కూసుంటవా?" అన్నారు. అందరితో పాటు తనూ నవ్వింది. ఆ తర్వాత నలుగురిలో ముద్ద నోట్లో పెట్టాలంటే చెయ్యి లేచేది కాదు.

మనిషి ఆకలితో నిలబడితేనే లాభం వచ్చే చోట, ఆమె భక్తి కూడా యాజమాన్యానికి ఉపయోగపడింది.

జనగామ దగ్గరి పల్లె నుంచి పెళ్లై ఇటు వచ్చిన మనిషి నీలవేణి. ఉప్పల్ పక్కన చిలకానగర్‌లో మేడ మీద రెండు గదుల్లో కిరాయికి ఉంటారు. భర్త ఉపేందర్ ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ట్రాలీ ఆటో నడుపుతాడు. కూతురు హరిత ఇంటర్. అత్త లక్ష్మీనర్సమ్మ.

తల్లి చనిపోయినప్పుడు నీలవేణికి కంపెనీలో సరిగ్గా సెలవు దొరకలేదు. దహనం చూసుకుని వచ్చి మళ్లీ స్ట్రిప్పులు ఏరింది. దినాలకు పోలేకపోయింది. ఏడుపు రాలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి, భుజానికి బ్యాగు ఉండగానే వంటింట్లో నిలబడి పొద్దుటి అన్నమంతా తినేసింది. అది ఆకలి కూడా కాదు.

తర్వాత అదే అలవాటైంది. ఆ వేళకు అత్త కింద ఆడవాళ్లతో కూర్చుంటుంది. ఇల్లు ఖాళీ. అన్నం అయిపోతే రొట్టె, రొట్టె అయిపోతే హరిత బిస్కెట్లు, అవీ లేకపోతే చక్కెర. ఏం తిన్నదీ గుర్తుండదు. రుచి తెలియదు. కడుపు నొప్పెట్టాక చెయ్యి ఆగేది. గిన్నె కడిగి, ఎవరికీ తెలియకుండా మళ్లీ బియ్యం పొయ్యి మీద పెట్టేది. విక్రమ్ కసిరిన రోజున ఇంకా ఎక్కువ తినేది. అమ్మ ఫోన్ నంబరు కళ్లబడిన రోజున కూడా.

ఒళ్లు పెరిగింది. లక్ష్మీనర్సమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. "సోమారం గూడ వట్టు బిడ్డా, ఒళ్లు తేలికవడ్తది" అంది. తర్వాత గురువారం కూడా చేరింది. వీధిలో ఆడవాళ్లు "మీ కోడలు ఎంత నిష్టగుంటదమ్మా!" అనేవారు. తిననందుకు పొగడ్త, తిన్నందుకు సిగ్గు. ఈ రెంటి మధ్య ఆమె రోజులు ఒకదాని వెంట ఒకటి పోయాయి, మెషిన్ మీద స్ట్రిప్పుల్లా.

ఒక గురువారం లైన్ మీదే కళ్లు తిరిగి పడిపోయింది. పక్క మెషిన్ సంతోషి ఆమెను షిఫ్టు అయ్యాక ఉప్పల్‌లోని సర్కారు దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టర్ చిన్న వయసు అమ్మాయి.

"పొద్దున ఏం తిన్నరమ్మా?"

"చాయ్ తాగిన."

"మధ్యాహ్నం?"

"ఒక్కపొద్దు మేడం."

"మరి సాయంత్రం?"

నీలవేణి నేల చూసింది. సంతోషి మోచేత్తో పొడిచింది. "చెప్పవే. కోర్టుకొచ్చినవా ఏంది, దవాఖానకొచ్చినం."

నీలవేణి ఇంటి అడ్రసు చెప్పినట్టు చెప్పింది. "అంతా తింట. ఉన్నదంతా తింట. ఆపుదామన్నా ఆగదు."

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. "ఇది తిండిపోతుతనం గాదమ్మా. రోగం. దీనికి వైద్యం ఉంది. పొద్దంతా ఎండవెట్టిన కడుపు సాయంత్రం మీ మాట వినదు. మనసుల బాధ ఉంటే అసలే వినదు. మూడు పూటలు టైముకు తినాలె. ఉపవాసాలు బందు. వచ్చే వారం కౌన్సెలర్ ఉంటది, ఆమెతోని మాట్లాడాలె."

"ఒళ్లు తగ్గాలని ఒక్కపొద్దులుంటే తినుమంటున్నవేంది మేడం?" అంది సంతోషి.

"తగ్గమని నేను చెప్పలే. ముందు తిననీయండ్రి."

ఇంటికొచ్చి అత్తతో చెప్పడం దవాఖానాలో చెప్పినదాని కన్నా కష్టమైంది.

"ఒక్కపొద్దులు ఇడుస్తున్న అత్తమ్మా."

"ఏందీ? ఎంకన్నతోని పరాచికాలా? దవాఖానోళ్లు మందులమ్ముకోను గట్లనే జెప్తరు."

"మందు రాయలే అత్తమ్మా. అన్నం రాసింది."

నీలవేణి మెల్లగా అంది, "పొద్దూకంగ వంటింట్ల నేను..."

"నాకెర్కే. బియ్యం డబ్బా రోజు నేను సూడనా? నీ తిండి ఆగుతదనే గదనే ఒక్కపొద్దులు వెంచింది!"

అత్తకు తెలిసే ఉంది. ఆమెకు తెలిసిన ఒకే వైద్యం అది. ఆ వైద్యమే రోగాన్ని పెంచిందని ఎవరు చెప్పారు ఆ ముసలమ్మకు? నీలవేణికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. వెళ్లి దీపం పెట్టింది.

శనివారం డబ్బా కట్టుకుని పోయింది. బెల్లు కొట్టగానే గ్లవుజులు తీసింది. విక్రమ్ ఎదురొచ్చాడు.

"అక్కా, ఇయ్యాల శనారం గదా?"

"ఒక్కపొద్దు ఇడ్సిన. తిననీకి పోతున్న."

"మరి లైన్ ఎవలు సూడాలె?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది తను కాదు. అయినా నీలవేణి కాళ్లు ఆగిపోయాయి. వెనక నుంచి సంతోషి అంది, "మెషిన్ బందువెట్టన్నా. అది గూడ పొద్దుగాల సంది తిరుగుతుంది పాపం."

"టార్గెట్ నువ్వు నింపుతవా?"

"ఇన్నొద్దులు నింపింది ఎవలు మరి?"

ఎవరో నవ్వారు. విక్రమ్ కూడా సగం నవ్వి, చిరాగ్గా మెషిన్ ముందు తనే నిలబడ్డాడు. నీలవేణి క్యాంటీన్‌లో కూర్చుని పప్పు, అన్నం తింది. రుచి తెలియలేదు. ఎవరైనా చూస్తున్నారేమో అని తలెత్తలేదు. డబ్బా ఖాళీ అయ్యేదాకా తింది.

సాయంత్రం మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. గిన్నె మూత తీసి నిలబడే తినసాగింది. ఆ రోజు లక్ష్మీనర్సమ్మ కిందికి దిగలేదు. వచ్చి గడప దగ్గర చతికిలబడి "కూసొని తినరాదే" అంది, అంతే. నీలవేణి కూర్చుంది. గిన్నెలో కొంత మిగిలింది.

కథ ఇక్కడితో బాగైపోయిందని రాయలేను. వంతులు వేయమని ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు అడిగారు. మేనేజర్‌ను అడిగి చెబుతానన్న విక్రమ్ ఇంకా చెప్పలేదు. కొన్ని రోజులు నీలవేణి వేళకు తింటోంది. లంచ్ వేళ ఆమెను మెషిన్ దగ్గరే నిలిపేసిన రోజున సాయంత్రం పాత దారినే పోతోంది. ఆమె కోలుకోవడం మధ్యాహ్నం తిండికి దొరికే అరగంట మీద ఆధారపడి ఉంది.

ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకూడదని, మధ్యలో అరగంట విరామం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మీరు కంపెనీలో పనిచేసేవారైతే, మీ సెక్షన్‌లో ఆ అరగంట ఎవరికి దక్కడం లేదో చూడండి. ఆమె తరఫున కలిసి అడగండి. ఒక్కరు అడిగితే పొగరంటారు, అందరూ అడిగితే కూర్చుని మాట్లాడతారు. ఎవరి కంచం మీదా, ఎవరి ఒంటి మీదా జోకులు వేయకండి. వేసేవాళ్లను అక్కడే ఆపండి. మీ ఇంట్లో తిండి ఆపుకోలేక సిగ్గుపడుతున్న మనిషి ఉంటే ఉపవాసం ఉండమనకండి. మనసు బాధల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు. దవాఖానాకు పోవాల్సి వస్తే ఆమెను ఒక్కదాన్నే పంపకండి, మీరూ వెంట వెళ్లండి.